మూడో పందిరి

లాన్‌షూ పొయ్యి మీద గిన్నె పెట్టి, కింద మంట వేసి, కాసేపటికి మూత తీసి చూస్తే లోపల నీళ్ళే మరుగుతున్నాయి, బియ్యం లేవు. తనలో తనే నవ్వుకుంది. పెళ్ళి రోజు కూడా ఆమె చేతులు ఇలా తడబడలేదు.

ఈ కొండ మీద మొక్కజొన్న అయినా, బంగాళాదుంప అయినా ఏడాది తిరక్కుండా ఇంటికొస్తుంది. హువాంగ్‌లియాన్ అనే మందు మొక్క ఒక్కటే మనిషి ఓపిక ఎంతో తేల్చుకుని గానీ రాదు. పందిరి వేసి, పైన దేవదారు కొమ్మలు పరిచి, ఎండ పడకుండా ఐదేళ్ళు పెంచాలి. ఏటా కొత్త మట్టి ఎత్తి పోయాలి. కలుపు మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో పీకాలి. ఇంతా చేసి తవ్వితే వచ్చేది కోడికాలంత వేరు, నాలిక మీద పెడితే దిమ్మ తిరిగే చేదు. కానీ కింద మైదానాల్లో ఎవరికి జ్వరమొచ్చినా, కళ్ళు మండినా, నోరు పూసినా, ఒంట్లో వేడి దింపడానికి ఆ చేదే కావాలి.

మామగారి మడులన్నీ బావగారి చేతికిందే ఉన్నాయి. లాన్‌షూది అంటూ ఉన్నది ఒకటే మడి. భర్త వంతెనల పనికి పట్నం పోయిన ఏడు, ఎవరూ వద్దనుకున్న రాళ్ళ నేలను ఆమె ఒక్కతే చదును చేసింది. రాళ్ళలో రాళ్ళే పండుతాయని ఊరంతా నవ్వింది. ఆ మడికి ఇవాళ తవ్వకం.

బదులు పనికి వచ్చే జట్టు పొగమంచులోంచి ఒక్కొక్కరే వాకిట్లోకి తేలారు. వాళ్ళందరి మడుల్లోనూ లాన్‌షూ పని చేసి వచ్చింది. ఇవాళ వాళ్ళు ఆ బదులు తీర్చాలి. ముందు బావగారు చాంగ్‌గెన్, వెనక అతని భార్య షూఫెన్, ఆ వెనక మిగతావాళ్ళు. అందరికన్నా ఆఖరున, ఆకలితో అందరికన్నా ముందు, లావ్‌సాన్.

"ఏం లాన్‌షూ, మాంసం ఉడికిందా? వాసన చూసి వచ్చా గానీ, నీ మడి చూసి కాదు" అన్నాడు లావ్‌సాన్.

"మధ్యాహ్నానికి తెస్తా. అప్పటికి సగం మడి తవ్వి ఉండకపోతే నీకు ఎముకలే."

"ఎముకల్లోనే రుచి ఉంటుందమ్మా, తెలీనివాళ్ళే కండ తింటారు."

షూఫెన్ తోడికోడలి మొహంలోకి చూసి బుగ్గ మీద మసి తుడిచింది. "నీళ్ళు తాగావా పొద్దున్నుంచి? నీ కళ్ళు చూడు, జాతరకి పోయే పిల్లలా ఉన్నావు."

"భయంగా ఉందక్కా. తవ్వితే ఏం లేకపోతే?"

"ఉంటుందిలే. ఐదేళ్ళు నీ మోకాళ్ళు అరగదీశావు కదా."

చాంగ్‌గెన్ పొగాకు చుట్ట వెలిగించుకుంటూ, "ఏ పందిరో చెప్పు" అన్నాడు.

"ఊట దాటాక కింది నుంచి మూడోది బావగారూ. కింది దారినే వెళ్ళండి. మంచుగా ఉంది, పొరపాటు పడతారు."

"నేను పొరపాటు పడటమా" అని అతను పొగ వదిలాడు. "కళ్ళు కట్టేసినా ఆకు తడిమి ఎన్నో ఏటి మొక్కో చెప్తా."

అందరూ నవ్వారు. చాంగ్‌గెన్ ఏమన్నా ఊళ్ళో నవ్వడం అలవాటే. వేరు ఆరబెట్టే బట్టీకి నిప్పు పెట్టేది అతనే. మంట కాస్త ఎక్కువైతే వేరు లోపల నల్లబడుతుంది, తక్కువైతే వానాకాలానికి బూజు పడుతుంది. ఎవరి ఐదేళ్ళ కష్టమైనా అతని చేతి మీదుగా పోవలసిందే కాబట్టి అతనితో ఎవరూ మాట పెంచుకోరు. పందిట్లో మొదటి గుంజ పీకే మర్యాద కూడా అతనిదే.

తవ్వకం రోజున ఇంటావిడ పొయ్యి వదలకూడదు, మధ్యాహ్నం కూటి బుట్టతోనే మడి తొక్కాలి. ఈ కొండ మీద అది పద్ధతి. లేకపోతే లాన్‌షూ వాళ్ళకన్నా ముందే పరిగెత్తేది. పొగబెట్టిన పందిమాంసం ముల్లంగి ఊరగాయతో వేయించింది, మొక్కజొన్న కలిపి అన్నం వండింది, సారా జాడీ కడిగి నింపింది. మధ్యమధ్య గుమ్మంలోకి వచ్చి కొండ వైపు చూసింది. మంచు తప్ప ఏమీ కనబడలేదు. కొమ్మలు విరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. ఆ చప్పుడుకే ఆమె ఒళ్ళు పులకరించింది.

బుట్ట వీపున వేసుకుని ఎక్కుతుంటే ఊట దగ్గర మంచు విడిపోయింది. లాన్‌షూ ఆగింది. కింది నుంచి ఒకటి, రెండు, మూడు. మూడో పందిరి చెక్కు చెదరకుండా అలాగే ఉంది. దాని పైన ఉన్న నాలుగో మడి మీద మాత్రం ఆకాశం కనబడుతోంది. గుంజలు కుప్పగా పడున్నాయి. జట్టంతా వంగి రెండు పళ్ళ పలుగులతో చకచకా తవ్వుతూ, మట్టి దులుపుతూ, ఆకు కోసి పడేస్తూ, ఎవరో ఏదో అంటే పగలబడి నవ్వుతున్నారు.

ఆ మడి షియాంగ్ అవ్వది. నాలుగో ఏటిది.

"ఆపండి" అంది లాన్‌షూ. పలుగుల చప్పుడులో ఎవరికీ వినబడలేదు. బుట్ట దించి మళ్ళీ అంది. "ఆపండి, ఇది నాది కాదు."

పలుగులు ఒక్కొక్కటే ఆగాయి. లావ్‌సాన్ చేతిలో ఉన్న వేరు కేసి చూసి, "సన్నగా ఉన్నాయని నేను అన్నానా లేదా" అని గొణిగాడు. అన్నాడు పాపం. దానికి చాంగ్‌గెన్, మంచులో నీ మొహం కూడా సన్నగానే ఉంది, తవ్వు అన్నాడట. ఆ మాట ఇప్పుడు మళ్ళీ చెప్పడానికి లావ్‌సాన్‌కి నోరు రాలేదు.

జరిగింది లాన్‌షూకి అర్థమైంది. కింది దారిలో బురద ఎక్కువని బావగారు జట్టుని పైదారి పట్టించాడు. పై నుంచి మూడు లెక్కపెట్టాడు. ఇక్కడ మొత్తం ఆరు పందిళ్ళు. కింది నుంచి మూడోది తనది, పై నుంచి మూడోది అవ్వది.

చాంగ్‌గెన్ నడుం మీద చేతులు పెట్టుకుని అందరికీ వినబడేలా అన్నాడు. "పై నుంచి మూడోదని నువ్వే కదమ్మా చెప్పావు."

లాన్‌షూ జట్టు వైపు తిరిగింది. ఒక్కొక్కరి మొహం చూసింది. వాకిట్లో ఆమె మాట వినని చెవి అక్కడ లేదు. లావ్‌సాన్ చెప్పులకంటిన మట్టి తీసుకుంటున్నాడు. షూఫెన్ కోసిన ఆకుల్ని ఎందుకో మళ్ళీ కట్ట కడుతోంది. వాళ్ళందరి వేర్లూ ఇంకో పదిహేను రోజుల్లో బట్టీ ఎక్కవలసినవే.

కబురు ఎలా పోయిందో గానీ, కూడు చల్లారేలోపే షియాంగ్ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఏడవలేదు, తిట్టలేదు. సగం తవ్విన మడిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. ఒక వేరు తీసి గోటితో గిల్లి చూసింది.

"వచ్చే ఏడు అమ్మి, బతికుండగానే నా శవపేటికకి రంగు వేయించుకుందామని పెంచా దీన్ని. ఎవరి తప్పు?"

"పిలిచిన ఇంటివాళ్ళు ఏది చూపిస్తే జట్టు అది తవ్వుతుంది" అన్నాడు చాంగ్‌గెన్.

"లాన్‌షూ ఏం చెప్పిందో విన్నవాళ్ళెవరు?"

గాలికి దేవదారు కొమ్మలు కదిలాయి. ఇంకేదీ కదల్లేదు.

"కింది నుంచి అని చెప్పానవ్వా" అంది లాన్‌షూ. "ఒట్టు."

"నీ ఒట్టు నువ్వే వేసుకుంటే ఎలాగే. ఇంతమందిలో ఒక్కరన్నా అనాలి కదా." అవ్వ మళ్ళీ అందరి కేసీ తాపీగా చూసింది. "అనరు. సరే, పద్ధతి ప్రకారం మడికి మడి. లాన్‌షూది నాకు, ఈ చిరిగింది లాన్‌షూకి. రేపు మీరంతా వచ్చి నాకు తవ్విపెట్టాలి. మంచు కురిసేలా ఉంది, నేను ఆగలేను."

లాన్‌షూకి కోపం వచ్చింది. ఏడుపు కాదు, కోపమే. అవ్వ మీద కాదు. ఆమె అడిగింది న్యాయమే. తను తెల్లవారుజామున లేచి వండిన మాంసం తినడానికి బుట్ట చుట్టూ చేరబోతున్న ఈ మనుషుల మీద. బుట్ట మీద గుడ్డ తీయకుండానే నిలబడింది.

"మీరు నాకు ఒక రోజు బాకీ" అంది. "పొద్దు ఇంకా ఉంది. ఈ మడి ఇప్పుడు నాది కదా. పీకిన గుంజలు మళ్ళీ పాతండి. మిగిలిన సగానికి పందిరి లేకపోతే వచ్చే ఎండలకి మాడిపోతుంది. పాతాక తిందురు గాని."

ముందు లావ్‌సాన్ కదిలాడు, వెనకే మిగతావాళ్ళు. తలలు వంచుకుని గుంజలు ఎత్తారు. చాంగ్‌గెన్ ఒక్కడే బట్టీకి కట్టెలు చూసుకోవాలని కొండ దిగిపోయాడు.

మర్నాడు లాన్‌షూ తన మడికి కూలి మనిషిలా వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. ఐదేళ్ళు చీకట్లో ఏం ఊరిందో చూడకపోతే ఆమెకి పిచ్చెక్కేలా ఉంది. పందిరి దిగగానే ఆకుల మీద వెలుతురు పడింది. మొదటి పోటుకి పలుగు కింద నుంచి వచ్చిన దుబ్బు చూసి లావ్‌సాన్ ఈల వేశాడు.

"ఇదేంటే ఇది. కోడికాలు అంటే, ఇది పుంజు కాలు."

లాన్‌షూ లాక్కుని మట్టి దులిపింది. వేరు ఆరేడు పాయలుగా చీలి, కణుపు కణుపుకీ బలిసి ఉంది. విరిస్తే లోపల పసుపు ధగధగమంది. తనది కాదని తెలిసినా ఆమె గుండె గంతులు వేసింది. రాళ్ళ మధ్య నీరు నిలవలేదు, అందుకే ఇంతలా ఊరింది. ఆ రాళ్ళ మీద నవ్వినవాళ్ళే ఇప్పుడు ఒకరి దుబ్బు ఒకరికి చూపించుకుంటూ, ఇది చూడు, అది చూడు అని కేకలు పెడుతున్నారు. పనిలో పడి వాళ్ళూ నిన్నటి సంగతి మరిచిపోయారు. లాన్‌షూ మరిచిపోలేదు గానీ, చేతులు మాత్రం అందరికన్నా వేగంగా ఆడాయి. అవ్వ గట్టున కూర్చుని ఎవరు ఎలా తవ్వుతున్నారో చూస్తూ, మాటిమాటికీ, "వేరుకి గాటు పడనీయకండి, మొద్దుల్లారా" అంటోంది.

మూడో రోజు పొద్దున్నే వేర్ల బుట్టలన్నీ బట్టీ ముందుకి చేరాయి. మంచు సన్నగా రాలడం మొదలెట్టింది. చాంగ్‌గెన్ చేతులు రుద్దుకుంటూ నిప్పు దగ్గరికి వెళ్ళబోతే అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"వేరు నాది. నిప్పు ఎవరు పెట్టాలో నేను చెప్తా. లాన్‌షూ పెడుతుంది."

చాంగ్‌గెన్ నవ్వాడు. ఈసారి అతనితో పాటు నవ్విన వాళ్ళు తక్కువ. "కట్టెలు మోసినంత మాత్రాన బట్టీ వస్తుందా అవ్వా? పొద్దు గుంకేలోపు బొగ్గులు అమ్ముకోవాలి నువ్వు."

"మాడితే నా వేరు మాడుతుంది. మధ్యలో నీకెందుకు ఏడుపు?"

లాన్‌షూ చేతులు దులుపుకుని బట్టీ ముందుకి వచ్చింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఈ బట్టీకి కట్టెలు ఎగదోసింది ఆమే, కానీ ఎప్పుడు ఎగదోయాలో చెప్పింది ఎప్పుడూ అతనే. మట్టి గోడల మీద పరిచిన వెదురు తడక మీదికి వేర్లు గుమ్మరించారు. కింద ఆమె ఓక్ కట్టెలు పేర్చి అంటించింది. చలవ చేసే వేరుకి ఇంత నిప్పు కావలసి రావడం చిత్రమే. ముందు తడి మట్టి వాసన ఆవిరిగా లేచింది. తరవాత ఆవిరి పలచబడి, కళ్ళల్లో నీళ్ళు తెప్పించే చేదు పొగ పట్టుకుంది. పొడుగాటి చెక్క పార పట్టుకుని ఆమె వేర్లని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పుతూనే ఉంది. ఆగితే అడుగువి మాడతాయి.

ఎడమ మూల ఒక్కసారిగా పొగ ముదిరింది.

"మాడింది" అన్నాడు చాంగ్‌గెన్, తీరుబడిగా.

లాన్‌షూ పార విసిరేసి వంగి, ఆ మూల కిందనుంచి మండే కట్టెని చేత్తోనే లాగి మంచులో పారేసింది. మళ్ళీ పార అందుకుంది. వేళ్ళు బొబ్బలెక్కడం ఆమెకి అప్పుడు తెలియలేదు. ఆ మూల వేర్లు పైకి తిప్పి ఒకటి విరిచింది. పసుపే. కాస్త ముదురు పసుపు, అంతే. ఆమె నవ్వుతూ పైకి చూసింది. ఎవరితో చెప్పాలో తెలియక షూఫెన్‌కి చూపించింది. షూఫెన్ కూడా నవ్వి, వెంటనే మొగుడి కేసి చూసి తల తిప్పుకుంది.

వేరు మీది వెంట్రుకలు చిటపటమని తెగడం మొదలైతే బట్టీ పని అయినట్టే. వేడి వేడి వేర్లని వెదురు బుట్టలోకి ఎత్తారు. మనిషి పొడవున్న బుట్ట, రెండు పక్కలా పిడులు. నలుగురు పట్టుకుని ఊపాలి. లాన్‌షూ ఒక పిడి పట్టుకుంది, ఎదురు పిడి షూఫెన్ పట్టుకుంది, మిగతా రెండూ లావ్‌సాన్, ఇంకొకతను.

"హోయ్" అని లావ్‌సాన్ పాట ఎత్తుకున్నాడు. బుట్ట ముందుకీ వెనక్కీ ఊగింది. లోపల వేర్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ గలగలమన్నాయి. సందుల్లోంచి మట్టి, కాలిన వెంట్రుకలు ధూళిగా ఎగిరి అందరి కనురెప్పల మీదా పడ్డాయి. లావ్‌సాన్ పాటలో బుట్టని ముసలి పెళ్ళాం అన్నాడు, ఊపితే గానీ మాట వినదన్నాడు. షూఫెన్ అతన్ని తిట్టింది. ఊపు పెరిగింది. లాన్‌షూ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. భుజాలు పీక్కుపోతున్నా ఆపాలనిపించలేదు. వేర్లు ఎవరివన్నది ఆ కాసేపూ ఆమెకి గుర్తు లేదు.

బుట్ట కుమ్మరిస్తే నున్నగా, ఎర్రగా మెరుస్తూ కుప్ప పడింది. అంత మంచి సరుకు ఆ ఏడు ఇంకెవరికీ రాలేదు.

కొత్త వేరు బట్టీ దిగగానే పని చేసినవాళ్ళందరికీ ఇంటి యజమాని తలో ముక్కా నోట్లో పెట్టాలి. ఎంత చేదైతే అంత మంచిదని ఉమ్మేయకుండా నమలాలి. అవ్వ ఒడిలో వేర్లు పోసుకుని విరుస్తూ వరసగా ఒక్కొక్కరి ముందూ నిలబడింది. లావ్‌సాన్‌కి పెట్టింది. షూఫెన్‌కి పెట్టింది. మొన్న మడిలో ఉన్నవాళ్ళలో ఒక్కరినీ వదల్లేదు. అందరికీ మామూలుగా పెట్టే గోరంత ముక్క కాదు, వేలంత ముక్క.

దవడలు ఆడాయి. కళ్ళు మూసుకుపోయాయి. పెదాల చివర్లు పచ్చబడ్డాయి.

"మూగవాడు హువాంగ్‌లియాన్ నమిలితే చేదని చెప్పలేడంటారు" అంది అవ్వ, కర్ర మీద వాలి. "మన ఊళ్ళో ఇంతమంది మూగవాళ్ళు ఉన్నారని నాకు మొన్నే తెలిసింది."

ఎవరూ ఉమ్మలేదు. మింగలేదు కూడా. మంచు వాళ్ళ టోపీల మీద పడుతోంది. లాన్‌షూ కాలిన వేళ్ళని మంచులో ముంచి చూస్తోంది.

షూఫెన్ గుటకేసింది. చేతి వెనకవైపుతో మూతి తుడుచుకుంటే చెయ్యి పచ్చగా అయింది.

"కింది నుంచి మూడోదనే చెప్పింది" అంది. "నేను పక్కనే ఉన్నా. పైదారి పట్టించింది మా ఆయన. మొదటి గుంజ పీకిందీ ఆయనే."

చాంగ్‌గెన్ భార్య వైపు ఇంతకుముందెప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. షూఫెన్ తల దించలేదు.

"నేనూ విన్నా" అన్నాడు లావ్‌సాన్, నేల కేసి చూస్తూ. "సన్నగా ఉన్నాయని కూడా అన్నా."

తరవాత ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఒకరు నోరు తెరిచాక మిగతావాళ్ళకి తెరవడం అంత కష్టం కాలేదు. లాన్‌షూకి అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ బిగపట్టిందంతా ఒక్కసారిగా వచ్చింది. సంతోషమో కోపమో ఆమెకే తెలియలేదు.

"అయితే ఈ కుప్ప లాన్‌షూది" అంది అవ్వ, ఒడిలో మిగిలిన ముక్కలు కూడా కుప్ప మీద దులిపేసి. "నాకు రావలసిన మడి నీది చాంగ్‌గెన్. వాగు పక్కది, ఐదో ఏటిది. ఎల్లుండి జట్టు వస్తుంది. ఆ చిరిగిన మడి నువ్వు తీసుకో. పందిరి పాపం గట్టిగానే వేశారు."

చాంగ్‌గెన్ దారి వైపు తిరిగాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నారు. వెళ్ళలేదు. కుప్ప దగ్గరికి వచ్చి వంగి, ఒక వేరు ఏరి, విరిచి, లోపలి రంగు వెలుతురుకి పెట్టి చూశాడు. నోట్లో వేసుకుని నమిలాడు. పనిలో అతనికి వంక పెట్టేవాళ్ళు లేరు, ఆ సంగతి అందరికీ తెలుసు. అతను ఏమంటాడా అని చూశారు.

"నిప్పు కొంచెం ఎక్కువైంది" అన్నాడు.

లాన్‌షూ కళ్ళు తుడుచుకుంది. "ఒక మూల అయింది బావగారూ. మీ మడివి కాల్చేటప్పుడు తగ్గిస్తాను."